పాలు వెతికితే పులి దొరికింది: తెలుగు పదబంధాల వెతుకులాటపై ఒక కేస్ స్టడీ

"బాబూ, మీ యాప్‌లో పాలు అని కొడితే పులి వస్తోంది. సామెత మొత్తం కొడితే ఏదీ రాకుండా గిర్రున తిరుగుతూ కూర్చుంటోంది. ఒక్కసారి చూస్తారా?"

ఫోన్ చేసినావిడ పదవీ విరమణ చేసిన తెలుగు ఉపాధ్యాయురాలు. మేము తయారుచేసిన యాప్‌ను రోజూ వాడే కొద్దిమందిలో ఆవిడ ఒకరు. పాత పత్రికల సంచికలు, సామెతల సంకలనాలు, వ్యాసాలు టైపు చేయించి, ఇంటర్నెట్ లేకపోయినా ఫోనులో చదువుకునేలా, వెతుక్కునేలా అందులో పెట్టాం. వెతకడానికి వెనక ఉన్నది ఫోనులోనే ఒక ఫైలుగా ఉండే డేటాబేస్ ఎస్‌క్యూలైట్, దానిలోని పూర్తి పాఠ శోధన విభాగం. ఆ ఫోన్ రావడానికి కొద్ది రోజుల ముందే దాన్ని పాత రూపమైన ఎఫ్‌టీఎస్4 నుంచి ఎఫ్‌టీఎస్5కు మార్చాం. ఫలితాలను ప్రాధాన్యం ప్రకారం వరుసలో పెట్టే సౌకర్యం ఎఫ్‌టీఎస్5లో లోపలే ఉంది. ఎఫ్‌టీఎస్4లో దాన్ని మనమే రాసుకోవాలి. మార్పుకు కారణం అదే.

మారిన మరుసటి రోజు నుంచే వెతుకులాట నెమ్మదించింది. కొత్త ఫోన్లలో అంతగా తెలియలేదు. టీచర్ గారి పాత ఫోనులో మాత్రం ఒక సామెత వెతకమని చెప్పి, వెళ్లి గ్లాసుడు నీళ్లు తాగి వచ్చేంత సమయం పట్టేది.

మొదట నేను తప్పు చోట వెతికాను. ఇండెక్స్, అంటే ఏ పదం ఎక్కడుందో రాసిపెట్టుకున్న జాబితా, ముక్కలు ముక్కలుగా పడి ఉంటుందని అనుకుని, వాటన్నిటినీ ఒకటిగా కలిపే ఆప్టిమైజ్ ఆదేశం నడిపాను. కొంచెం తేడా కనిపించింది గానీ రోగం తగ్గలేదు. ఇండెక్స్ పరిమాణం తగ్గిస్తే బాగుంటుందని ఒక సహోద్యోగి సలహా ఇచ్చారు. ఎఫ్‌టీఎస్5లో డిటెయిల్ అనే ఆప్షన్ ఉంది. దాన్ని తగ్గిస్తే ఇండెక్స్ నిజంగానే బాగా చిక్కిపోతుంది. 1636 మెగాబైట్ల ఈమెయిళ్లపై చేసిన పరీక్షలో పూర్తి వివరాల ఇండెక్స్ 743 మెగాబైట్లు, ఏ వివరమూ లేనిది 134 మెగాబైట్లు వచ్చినట్టు ఎస్‌క్యూలైట్ వాళ్ల పత్రాల్లోనే ఉంది. అయితే ఆ చిక్కడానికి మూల్యం పదాల స్థానాలు. ఏ పదం ఎన్నో చోట ఉందో రాసిపెట్టుకోకపోతే, రెండు పదాలు పక్కపక్కన ఉన్నాయో లేదో చెప్పే దారి లేదు. పదబంధాల వెతుకులాటే మాకు ముఖ్యం కనుక ఆ దారి మూసేశాం.

చుక్కల సున్నా

అసలు ఆచూకీ ఇచ్చింది వేగం కాదు, తెర మీద కనిపించిన ఒక చిన్న వికారం. టీచర్ గారు పంపిన స్క్రీన్‌షాట్‌లో, దొరికిన పదాన్ని బొద్దుగా చూపించే చోట, "పాల" వరకే బొద్దుగా ఉంది. దాని పక్కన చుక్కలతో గీసిన ఒక ఖాళీ వలయం, ఆ వలయానికి తగిలించిన కొమ్ము.

తెలుగు ఫాంట్లతో పనిచేసిన వాళ్లకు ఆ చుక్కల వలయం అర్థం తెలుసు. గుణింతపు గుర్తు తన హల్లు నుంచి విడిపోయి, పట్టుకోవడానికి ఏమీ లేక నిలబడితే ఫాంటు దానికి ఆ వలయాన్ని ఇస్తుంది. అంటే, బొద్దు చేయడానికి పెట్టిన ట్యాగు "ల"కూ కొమ్ముకూ మధ్యన పడింది. ఎఫ్‌టీఎస్5 తన టోకెన్, అంటే తను ఒక పదంగా లెక్కించే ముక్క, ఎక్కడ ముగిసిందని భావిస్తే అక్కడే ట్యాగు మూస్తుంది. మరి "పాలు" అనే పదం దాని లెక్కలో "ల" దగ్గరే ఎందుకు ముగిసింది?

ఇండెక్స్‌లో ఏ టోకెన్లు ఉన్నాయో చూపించే ఎఫ్‌టీఎస్5వొకాబ్ అనే పట్టిక ఒకటి ఉంది. ఏ టోకెన్ ఎన్ని పత్రాల్లో, మొత్తం ఎన్నిసార్లు వచ్చిందో అది చెబుతుంది. దాన్ని తెరిచి ఎక్కువసార్లు వచ్చిన వాటిని పైకి తెచ్చాను. జాబితాలో పదాలు లేవు. క, ల, న, ర, డ, ట... వరుసగా ఒంటరి హల్లులు. ఒక్క గుడి లేదు, కొమ్ము లేదు, ఒత్తు లేదు, సున్నా లేదు. మా పుస్తకాలన్నిటినీ ఎవరో జల్లెడ పట్టి గుణింతాలు పారేసినట్టు ఉంది. ఇన్నేళ్లుగా ఈ పని చేస్తున్నాను, ఒక ఇండెక్స్‌ను చూసి గుండె కలుక్కుమనడం అదే మొదలు.

ఎలా జరిగింది

ఎఫ్‌టీఎస్5 పాఠాన్ని టోకెన్లుగా తెంపడానికి, మనం ఏమీ చెప్పకపోతే, యూనికోడ్61 అనే టోకెనైజర్‌ను వాడుతుంది. అది ప్రతి సంకేతాన్నీ యూనికోడ్ (అన్ని లిపుల గుర్తులకూ ఒక్కో సంఖ్య ఇచ్చే ప్రమాణం) ఏ వర్గంలో పెట్టిందో చూస్తుంది. అక్షరాలు, అంకెలు, ప్రైవేటు వాడకానికి కేటాయించిన సంకేతాలు, ఈ మూడు వర్గాలవే టోకెన్‌లో చేరతాయి. మిగిలినదంతా దానికి ఖాళీ జాగాతో సమానం.

తెలుగులో అచ్చులూ హల్లులూ యూనికోడ్ దృష్టిలో అక్షరాలే. గుణింతపు గుర్తులు, పొల్లు, సున్నా, విసర్గ మాత్రం అక్షరాలు కావు, "మార్కులు" అనే వేరే వర్గం. కాబట్టి ఆ టోకెనైజర్‌కు "పాలు"లోని దీర్ఘం ఒక ఖాళీ, కొమ్ము మరో ఖాళీ. మిగిలేవి ప, ల అనే రెండు టోకెన్లు. "పులి"లోనూ ప, ల. "పూలు"లోనూ అవే. "పిల్లలు" కూడా ప, ల తోనే మొదలవుతుంది.

ఒక మాట నుంచి ఒకటి కంటే ఎక్కువ టోకెన్లు వస్తే, వాటిని పక్కపక్కనే ఉండాల్సిన పదబంధంగా ఎఫ్‌టీఎస్5 వెతుకుతుంది. అందుకే "పాలు" అని ఒక్క పదం అడిగినా లోపల "ప పక్కన ల" అనే పదబంధం నడుస్తోంది. పదాల మధ్య నిజమైన ఖాళీకీ, గుణింతం వల్ల వచ్చిన దొంగ ఖాళీకీ దానికి తేడా తెలియదు. కనుక "కోపం లేదు" అనే వాక్యం కూడా పాల ఖాతాలోకి వచ్చేసింది: కోపంలోని ప, సున్నా దగ్గర తెగి, ఆ వెంటనే లేదులోని ల. "తెలుగు" అని వెతికితే "తేలిగ్గా" వస్తుంది, రెండింటిలోనూ త, ల, గ వరుసగా ఉన్నాయి కాబట్టి.

ఇది ఎఫ్‌టీఎస్4లో ఎందుకు బయటపడలేదంటే, అక్కడ చెప్పకపోతే వచ్చే టోకెనైజర్ వేరు. దాని పేరే సింపుల్. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు తెలుసు, 127కు పైన ఉన్న ప్రతి సంకేతాన్నీ కళ్లు మూసుకుని టోకెన్‌లో చేర్చుకుంటుంది. ఏ భాషా తెలియని ఆ టోకెనైజర్ తెలుగు పదాన్ని చెక్కుచెదరకుండా ఉంచింది. యూనికోడ్ అంతా తెలిసినది ముక్కలు చేసింది.

మా పరీక్షల్లో ఎందుకు దొరకలేదన్నది నన్ను ఇంకా బాధించిన సంగతి. పరీక్షల కోసం రాసిపెట్టుకున్న పదాలు తల, వల, పడవ, పలక. ఒకటో తరగతి వాచకంలో మొదటి పేజీల పదాలు. వీటన్నిటికీ ఉన్నది తలకట్టే. యూనికోడ్‌లో తలకట్టుకు వేరే సంకేతం లేదు, అది హల్లులోనే ఇమిడి ఉంటుంది. కాబట్టి "పలక" మధ్యలో తెగడానికి ఏమీ లేదు, మూడు హల్లులూ కలిసి ఒకే టోకెన్ అయ్యాయి. పరీక్షలన్నీ పచ్చగా వచ్చాయి. పైగా, రావలసిన పత్రం వచ్చిందా అని మాత్రమే మేము చూశాం. రాకూడనిది వచ్చిందా అని చూడలేదు. పాలు వెతికితే పాలున్న పేజీ కూడా వస్తుంది కదా, పులితో పాటు.

నెమ్మది ఎక్కడి నుంచి వచ్చింది

ఇప్పుడు వేగం సంగతి. "చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు" అనే సామెతను తీసుకుందాం. మన కంటికి నాలుగు పదాలు. యూనికోడ్61 చేతిలో అది ఇలా అయింది: చ, త, ల, క, ల, క, ఆక, ల, పట, ట, క, న, నట, ట. మొత్తం 14 టోకెన్లు.

నాలుగు పద్నాలుగు అయ్యాయి కనుక మూడున్నర రెట్లు నెమ్మదించింది అనుకుంటే పొరపాటు. అసలు దెబ్బ టోకెన్ల సంఖ్యలో లేదు, వాటి స్వభావంలో ఉంది.

పదబంధాన్ని వెతికే తీరు క్లుప్తంగా ఇది. ప్రతి టోకెన్‌కూ ఇండెక్స్‌లో ఒక జాబితా ఉంటుంది: ఏ పత్రాల్లో ఉంది, ఒక్కో పత్రంలో ఎన్నో స్థానంలో ఉంది. పదబంధంలోని అన్ని టోకెన్లూ ఉన్న పత్రాలను ముందు ఏరుతారు. ఆ పత్రాల్లో మాత్రమే స్థానాలు పోల్చి, ఇది 7వ చోట ఉంటే తరవాతిది 8వ చోట ఉందా అని చూస్తారు. ఇందులో ప్రాణం మొదటి మెట్టులో ఉంది. అరుదైన పదం ఒక్కటున్నా చాలు, అది పత్రాలను గుప్పెడుకు తగ్గించేస్తుంది. మా సామెతలో "పట్టుకున్నట్టు" అలాంటిది. మొత్తం సేకరణలో అది వచ్చే పేజీలు కొన్నే. "కాలాక" కూడా తరచుగా కనిపించే మాట కాదు.

హల్లులుగా విడగొట్టాక ఆ పద్నాలుగింటిలో అరుదైనది దాదాపు లేకుండా పోయింది. "ల" లేని తెలుగు పేజీ ఉంటుందా? "క" లేనిది? ప్రతి పత్రమూ మొదటి మెట్టు దాటేస్తుంది. ఆ తరవాత ప్రతి పత్రంలోనూ వందల కొద్దీ స్థానాలను విప్పి, ఒకదానితో ఒకటి పోల్చాలి. పేజీలో "ల" ఉన్న చోట్లన్నీ, "క" ఉన్న చోట్లన్నీ. అది వెతకడం కాదు, పుస్తకమంతా మళ్లీ చదవడమే. పాత ఫోను తిప్పలు పడింది అందుకే. ఫలితాల వరుస కూడా పాడైంది. అరుదైన పదానికి ఎక్కువ విలువ ఇచ్చే లెక్క అది. అరుదైన పదమే లేనప్పుడు ఆ లెక్కకు అర్థం లేదు.

మొదటి మందు, దానిలో ఒక ఉచ్చు

యూనికోడ్61కు కేటగిరీస్ అనే ఆప్షన్ ఉంది. ఏ వర్గాల సంకేతాలను టోకెన్‌లో చేర్చాలో మనం చెప్పుకోవచ్చు. ఉన్న మూడింటికీ మార్కులను కలిపితే సరిపోతుంది. ఒక్క పంక్తి మార్పు.

ఆ ఒక్క పంక్తిలోనే నేను ఒక పూట పోగొట్టుకున్నాను. మార్కుల్లో రకాలున్నాయి. జాగా తీసుకోని మార్కులకు ఎంఎన్ అని పేరు, జాగా తీసుకునే వాటికి ఎంసీ అని. గుణింతాలన్నీ మొదటి రకమే అయి ఉంటాయనుకుని ఎంఎన్ మాత్రం చేర్చాను. పాలు, పులి విడిపోయాయి. హమ్మయ్య అనుకున్నాను. తరవాత "పూలు" వెతికితే "పులుపు" వచ్చింది.

తెలుగు గుర్తులు ఈ రెండు వర్గాల మధ్య చీలి ఉన్నాయి. దీర్ఘం, గుడి, గుడిదీర్ఘం, ఎత్వం, ఏత్వం, ఐత్వం, ఒత్వం, ఓత్వం, ఔత్వం, పొల్లు ఎంఎన్‌లో. కొమ్ము, కొమ్ముదీర్ఘం, ఋత్వం, సున్నా, అరసున్న, విసర్గ ఎంసీలో. కొమ్ము సంకేతం 3137, దాని ముందున్న గుడిదీర్ఘం 3136. పక్కపక్క ఇళ్లే, వేర్వేరు వర్గాలు. ఉకారంతో ముగిసే మాటలు ఇన్ని ఉన్న భాషలో కొమ్మును వదిలేస్తే ఏం మిగులుతుంది? "తెలుగు" అప్పుడు "తెల", "గ" అవుతుంది. రెండు వర్గాలూ చేర్చాక మాత్రమే అది ఆరు సంకేతాల ఒకే టోకెన్‌గా నిలబడింది.

ఇండెక్స్‌ను మొదటి నుంచి కట్టి, వొకాబ్ పట్టికను మళ్లీ తెరిచాను. పైన "ఆ", "ఈ", "ఒక", "అని", "కూడా". కిందికి వెళ్లే కొద్దీ నిజమైన పదాలు. సామెత నాలుగు టోకెన్లయింది. వేలు తెర మీద నుంచి తీసేలోపు ఫలితం వచ్చింది.

పక్కన పెట్టిన దారులు

ఎఫ్‌టీఎస్5లో ఆస్కీ అనే టోకెనైజర్ కూడా ఉంది, పాత సింపుల్‌లాగే 127 దాటిన ప్రతిదాన్నీ పదంలో చేర్చేది. దాన్ని పెట్టినా తెలుగు పదాలు తెగవు. కానీ మా పాఠంలో వంకర కొటేషన్ గుర్తులు, పొడవాటి డ్యాష్‌లు, పద్యాల చివర దండాలు నిండుగా ఉన్నాయి. అవన్నీ పదానికి అతుక్కుపోతాయి. కొటేషన్‌లో ఉన్న "పాలు" వేరు, లేని పాలు వేరు అవుతాయి. పదబంధం వెతికేవాళ్లకు అది ఇంకా పెద్ద చిక్కు, సామెతలను కొటేషన్లలో పెట్టడం మన అలవాటు కాబట్టి.

ట్రైగ్రామ్ టోకెనైజర్‌ను మాత్రం మనసు పెట్టి పరిశీలించాను. 2020 డిసెంబరులో వచ్చిన 3.34 వెర్షన్ నుంచి ఇది ఉంది. పదాల జోలికి పోకుండా, వరుసగా మూడేసి సంకేతాలను ఒక టోకెన్‌గా తీసుకుంటుంది. పదం మధ్యలోని ముక్కను కూడా పట్టుకోగలదు. సంధులతో నిండిన భాషకు అది ఆశ పెట్టే గుణమే. కానీ మూడు సంకేతాలంటే తెలుగులో మూడు అక్షరాలు కాదు. "స్త్రీ" అనే ఒక్క అక్షరంలో ఆరు సంకేతాలున్నాయి, అదొక్కటే నాలుగు ట్రైగ్రామ్‌లు. "నీ" అన్న మాటలో రెండే సంకేతాలు, దాన్ని వెతకడమే కుదరదు. మన సామెతలో ఖాళీలతో కలిపి 33 సంకేతాలు, అంటే 31 ట్రైగ్రామ్‌లు. నాలుగు జాబితాలు చదవాల్సిన చోట ముప్పై ఒకటి. ఒక్కో ట్రైగ్రామ్ ఒంటరి హల్లు కంటే అరుదే గానీ, పదమంత అరుదు కాదు. ఫోనులో పెట్టే ఇండెక్స్‌కు ఆ బరువు వద్దనుకున్నాం. నిఘంటువు లాంటి చిన్న సేకరణకైతే నేను దాన్నే ఎంచుకుంటాను.

ల్యూసీన్ అనే మరో వెతుకులాట సాఫ్ట్‌వేర్ మీద పనిచేసేవాళ్లకు ఇదంతా కొత్తగా అనిపించవచ్చు. దాని ప్రామాణిక టోకెనైజర్ పదాల సరిహద్దుల కోసం యూనికోడ్ విడిగా రాసిన నియమాలను పాటిస్తుంది. ఆ నియమాల్లో మార్కు ఎప్పుడూ తన ముందున్న అక్షరాన్ని అంటిపెట్టుకునే ఉంటుంది. తెలుగుకు ప్రత్యేకమైన ఎనలైజర్ కూడా అందులో ఉంది. ఫోనులో, సర్వరు లేకుండా, ఒక ఫైలులో ఇమిడిపోయే అవసరం మమ్మల్ని ఎస్‌క్యూలైట్ దగ్గర ఉంచింది.

కనిపించని సంకేతం, కనిపించే అరసున్న

వేగం వచ్చాక ఆపేయవచ్చు. కానీ టీచర్ గారు రెండో రోజే మరో జాబితా పంపారు. దొరకాల్సినవి దొరకనివి.

మొదటిది "సాఫ్ట్‌వేర్" లాంటి పదాలు. కొందరు టైపిస్టులు "ట్" తరవాత కంటికి కనిపించని ఒక విభాజకాన్ని కొడతారు, పొల్లు పొల్లుగానే నిలబడి కింద ఒత్తు రాకుండా. దాని సంకేతం 8204. కొందరు కొట్టరు. అది అక్షరమూ కాదు, మార్కూ కాదు కనుక టోకెనైజర్ అక్కడ తెంపుతుంది. ఒకరి సాఫ్ట్‌వేర్ రెండు టోకెన్లు, ఇంకొకరిది ఒకటి. "హైదరాబాద్‌లో" అన్నది "హైదరాబాద్", "లో" గా విడిపోవడం చూసి, ఇదేదో మేలే కదా అని మొదట సంతోషించాను. కానీ ఆ విడుపు టైపిస్టు చేతి మీద ఆధారపడి ఉంది. భాష మీద కాదు. వెతుకులాట అలాంటి దాని మీద నిలబడకూడదు.

రెండోది పాత పుస్తకాల రాత. వాఁడు, గుఱ్ఱం. ఇప్పటి పాఠకులు వాడు, గుర్రం అని వెతుకుతారు. మూడోది ఐత్వం. దాన్ని ఒకే సంకేతంగానూ రాయవచ్చు, 3142, 3158 అనే రెండు సంకేతాలు కలిపీ రాయవచ్చు. తెర మీద రెండూ ఒకటే. ఇండెక్స్‌కు వేర్వేరు.

పాఠాన్నే శుభ్రం చేసి ఇండెక్స్‌లో వేద్దామా అనుకున్నాం. వేస్తే, దొరికిన చోటును బొద్దుగా చూపేటప్పుడు చిక్కు. ఇండెక్స్ చెప్పే స్థానాలు శుభ్రం చేసిన పాఠానివి, తెర మీద చూపేది అసలు పాఠం. ఒక అరసున్న తీసేస్తే మూడు బైట్లు జరిగిపోతాయి, బొద్దు పక్క అక్షరం మీద పడుతుంది. అసలు పాఠంలో అరసున్నలు తీసేయడం నాకు అసలు ఇష్టం లేదు. ఆ పుస్తకాలను మనం భద్రపరుస్తున్నాం, తిరగరాయడం లేదు.

దారి ఎఫ్‌టీఎస్5 నిర్మాణంలోనే ఉంది. ఒక టోకెనైజర్‌ను మరో టోకెనైజర్‌లో చుట్టవచ్చు. ఇంగ్లీషు పదాల తోకలు కత్తిరించే పోర్టర్ అలాగే యూనికోడ్61ను చుట్టుకుని పనిచేస్తుంది. టోకెనైజర్ ప్రతి పదానికీ రెండు సంగతులు విడివిడిగా చెబుతుంది: టోకెన్ ఏమిటి, అసలు పాఠంలో అది ఏ బైటు నుంచి ఏ బైటు వరకు ఉంది. ఈ రెండూ అచ్చంగా ఒకటే కానక్కర్లేదు. సీ భాషలో ఒక చిన్న చుట్టు రాశాను. లోపలి యూనికోడ్61కు 8204ను కూడా పదంలో భాగంగానే చూడమని చెప్పాను. అది ఇచ్చిన టోకెన్ నుంచి నా చుట్టు ఆ విభాజకాన్ని, అరసున్నను తీసేస్తుంది, బండి ఱను రగా మారుస్తుంది, రెండు సంకేతాల ఐత్వాన్ని ఒకటి చేస్తుంది. స్థానాలను ముట్టుకోదు. ఇండెక్స్‌లో "వాడు", తెర మీద బొద్దుగా "వాఁడు".

ఇండెక్స్ కట్టేటప్పుడూ, క్వెరీ, అంటే వెతకమని ఇచ్చిన మాట, చదివేటప్పుడూ అదే టోకెనైజర్ నడుస్తుంది కనుక అరసున్నతో వెతికినా, లేకుండా వెతికినా చేరేది ఒకే చోటికి. వీఁడు, వీడు కలిసిపోతాయన్న మాట నిజమే. ఈనాటి రాతలో అవి ఎప్పుడో కలిసిపోయాయి.

ఉత్వ సంధి పనికొచ్చిన చోటు

పదబంధంలో చివరి మాట ఎప్పుడూ జారిపోతుంది. "ఆయన వచ్చాడు" అని వెతికితే "ఆయన వచ్చాడని చెప్పింది" రావాలి, "ఆయన వచ్చాడట" రావాలి. పదబంధం చివరి టోకెన్‌ను ఉపసర్గగా, అంటే అలా మొదలయ్యే ఏ మాటైనా సరే అన్నట్టు వెతకమని నక్షత్రం గుర్తుతో ఎఫ్‌టీఎస్5కు చెప్పవచ్చు. కానీ "వచ్చాడు"తో "వచ్చాడని" మొదలవదు. కొమ్ము అడ్డం.

ఉకారం తరవాత అచ్చు వస్తే ఉకారం లోపిస్తుందని బడిలో నేర్చుకున్నదే. కాబట్టి క్వెరీలో చివరి మాట కొమ్ముతో ముగిస్తే ఆ కొమ్ము తీసి, నక్షత్రం పెట్టాం. "వచ్చాడ"తో మొదలయ్యేవి: వచ్చాడు, వచ్చాడని, వచ్చాడట, వచ్చాడేమో. యూనికోడ్‌లో గుణింతపు గుర్తు విడి సంకేతం కావడం ఇక్కడ కలిసొచ్చింది. మొదట మమ్మల్ని ముంచిన గుణమే.

ఉపసర్గ వెతుకులాట వేగంగా ఉండాలంటే ఎన్ని సంకేతాల ఉపసర్గలకు విడి ఇండెక్స్ కట్టాలో చెప్పాలి. ఇంగ్లీషు ఉదాహరణల్లో 2, 3 అని ఉంటుంది. తెలుగులో రెండు సంకేతాలంటే ఒక హల్లు, దాని గుణింతం, అంతే. మేము 4, 6 పెట్టాం. మీ పాఠం మీద వొకాబ్ పట్టిక చూసి నిర్ణయించుకోవడం మంచిది.

వదిలేసిన మరో మెరుగు

పదబంధాల వేగం గురించి చదివేవాళ్లకు హాతీట్రస్ట్ అనుభవం తప్పక ఎదురవుతుంది. అమెరికాలో విశ్వవిద్యాలయ గ్రంథాలయాలు కలిసి 2008లో మొదలుపెట్టిన డిజిటల్ గ్రంథాలయం అది. లక్షల పుస్తకాల పూర్తి పాఠంలో వెతకాలి. ఇంగ్లీషులో ది, ఆఫ్, అండ్ లాంటి మాటలు లేని పేజీ ఉండదు, వాటి స్థానాల జాబితాలు కొండల్లా ఉంటాయి. 5 లక్షల సంపుటాల ఇండెక్స్‌పై అలాంటి మాటలున్న ఒక పదబంధానికి 2 నిమిషాలు పట్టింది. వాళ్లు తరచుగా వచ్చే మాటను పక్క మాటతో జతకట్టి, ఆ జంటనే ఒక టోకెన్‌గా ఇండెక్స్‌లో వేశారు. "ఆఫ్" సర్వత్రా ఉంటుంది గానీ, "లిటరేచర్ ఆఫ్" అనే జంట చాలా తక్కువ చోట్ల ఉంటుంది. ఆ పద్ధతితో అతి నెమ్మది క్వెరీ 8 సెకన్ల లోపుకు దిగింది.

వాళ్ల జబ్బు, మా జబ్బు ఒకటే: జాబితాలు మరీ పొడవు. వాళ్లకు భాషే ఆ పొడవు ఇచ్చింది. మాకు టోకెనైజర్ తప్పుగా తెచ్చిపెట్టింది. ఆ, ఈ, ఒక, అని మాటలకు జంటలు కట్టి నేనూ ఒక నమూనా చేసి చూశాను. ఇండెక్స్ పెరిగింది, వేగంలో తేడా చేతికి తగల్లేదు. తెలుగులో విభక్తులు పదానికే అంటుకుని ఉంటాయి. ఇంగ్లీషులో ది, ఆఫ్ చేసే పని మనకు పదం తోకలో జరిగిపోతుంది, విడి టోకెన్‌గా నిలబడదు. మా సేకరణ పరిమాణానికి ఆ భారం అక్కర్లేదని తీసేశాను. గ్రంథాలయం మొత్తం డిజిటల్ చేసేవాళ్లు ఇంకోసారి ఆలోచించుకోవాలి.

ఫోన్లకు పంపడం

టోకెనైజర్ మారితే పాత ఇండెక్స్ పనికిరాదు. కొత్త క్వెరీలు పాత టోకెన్లతో సరిపడవు. ఇండెక్స్‌ను ఫోనులోనే మళ్లీ కట్టించడానికి రీబిల్డ్ ఆదేశం చాలు గానీ, పాత ఫోన్లలో అది బ్యాటరీ తాగేస్తుంది. అందుకని మా దగ్గరే కట్టి, ఆప్టిమైజ్ చేసి, సిద్ధమైన ఫైలునే పంపాం. మా సొంత టోకెనైజర్ ఉన్న ఎస్‌క్యూలైట్‌ను యాప్‌లోనే పెట్టాల్సి వచ్చింది, ఫోనులో ముందే ఉన్నదానికి అది తెలియదు కాబట్టి.

పరీక్షల జాబితా కూడా మార్చాం. పాలు, పులి, పూలు, పులుపు, పిల్లలు, కోపం లేదు. ఒక్కోటి వెతికినప్పుడు మిగిలినవి రాకూడదు. ఆ పదాలన్నీ టీచర్ గారి ఫిర్యాదుల నుంచి తీసుకున్నవే. తల, పడవ కూడా ఉంచాం.

కొత్త ఫైలు అందిన సాయంత్రం ఆవిడ మళ్లీ ఫోన్ చేశారు. సామెత వెంటనే వచ్చిందట. "కానీ బాబూ, ఇంకో సంకలనంలో పట్టుకున్నట్లు అని ఉంటుంది. మీది పట్టుకున్నట్టు ఒక్కటే చూపిస్తోంది." రెండు రూపాలనూ క్వెరీలో కలిపి వెతికే నియమం ఒకటి రాసి, ఇప్పుడు దానితో కుస్తీ పడుతున్నాను. ట్టు, ట్లు పక్కపక్కన పెట్టి వొకాబ్ పట్టికలో ఒక్కో జంటనూ చూస్తున్నాను. కలపకూడనివి కొన్ని ఉన్నాయి: చెట్టు వెతికితే చెట్లు రావచ్చు, తినే అట్టు వెతికితే, అలా అనే అర్థంలోని అట్లు రాకూడదు. కలపవలసిన జంటల జాబితా టీచర్ గారే రాసి పంపుతానన్నారు.